తేమ తరుగు

మొన్న ముఖేడ్ నుంచి ఒకాయన తండ్రిని తీసుకొని నా క్లినిక్కుకు వచ్చాడు. పెద్దాయనకు కాళ్ల వాపు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. చూడవలసినవన్నీ చూసి, "మీ నాన్నకు హార్ట్ ఫెయిల్యూర్ ఉంది" అన్నాను. అంతే, కొడుకు కుర్చీలోంచి లేచి నా మీదికి కొట్లాటకు వచ్చాడు.

"బతికున్న మనిషిని పట్టుకొని హార్ట్ ఫెయిల్ అంటవేందమ్మా? అది నోరా, మోరీనా? నీ ఎదురుంగనే కూసొని చాయ్ తాగుతున్నడు, కండ్లకు కానొస్తలేదా?"

పెద్దాయన నిజంగానే చాయ్ తాగుతున్నాడు. కొడుకు తప్పు కూడా ఏమీ లేదు. మా వైపు హార్ట్ ఫెయిల్ అంటే మనిషి పోయాడని. "మాపటిదాక మంచిగనే ఉన్నడు, తెల్లారేసరికి హార్ట్ ఫెయిలయిండు" అని చెప్పుకొని, తలస్నానం చేసి అన్నానికి కూర్చుంటారు. వైద్యశాస్త్రం మాత్రం ఆ మాటకు వేరే అర్థం పెట్టుకుంది. గుండె ఆగిపోలేదు, సత్తువ తగ్గింది, ఒంటికి కావలసినంత రక్తం తోడలేకపోతోంది, అందుకని నీళ్లు కాళ్లలోకీ ఊపిరితిత్తుల్లోకీ చేరుతున్నాయి అని. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, మహారాష్ట్రలోని మా నాందేడ్‌లో ప్రాక్టీసు పెట్టి ఉంటే వారం తిరక్కుండా పేరు మార్చేవాడు.

ఆయన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, సంగతి విడమరిచి చెప్పి, మందులు రాసి పంపించాను. వాళ్లు మెట్లు దిగాక నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఏడుపు కూడా వచ్చింది. మా మామ గుర్తొచ్చాడు.

మామ అంటే మేనమామ, మా అమ్మకు అన్న. పోయి కొన్నేళ్లయింది. పేరు రాయను. రాస్తే ధర్మాబాద్ నుంచి దెగ్లూర్ దాకా సగం మంది రైతులు "నా మాలుల గూడ కోసిండు" అంటూ బయలుదేరతారు. నాందేడ్ మోంఢాలో, అంటే మా ధాన్యం మార్కెట్లో, ఆయనకు ఆడత్ దుకాణం ఉండేది. రైతు తెచ్చిన జొన్న, కంది, పసుపు తూకం వేయించి, భావ్, అంటే ధర, కుదిర్చి అమ్మిపెట్టే వ్యాపారం. ఎదురుగా అందరూ సేఠ్‌జీ అనేవారు. వెనకాల "తరుగు సేఠ్" అనేవారు.

తరుగంటే కోత. కాంటా చూపించిన దాంట్లోంచి సంచి బరువని కొంత, మట్టి అని కొంత, తేమ అని కొంత తీసేస్తారు. మోంఢాలో అందరూ తీస్తారు, కానీ మామ తీస్తుంటే చూడాలి. గుప్పెడు గింజలు ఈ అరచేతిలోంచి ఆ అరచేతిలోకి పోసి, ఒక గింజను పంటి కింద పెట్టి, కళ్లు మూసుకొని, సొంత తోబుట్టువు పోయినంత దిగులుగా మొహం పెట్టి, "నెమ్మున్నది" అనేవాడు. ఎర్రటి ఎండలో పగిలిన కందిలో కూడా ఆయన పంటికి ఆ నెమ్ము, ఆ తేమ, తగిలేది. రైతు లబలబలాడితే భుజం మీద చెయ్యేసి, "భావ్ దేవుడు జెప్తడు పటేలా, తూకం మనం జెప్తం" అని చాయ్ తెప్పించేవాడు. ఆ చాయ్ మాత్రం తరుగు లేకుండా నిండా ఉండేది.

ఇంట్లో తెలుగు, మోంఢాలో మరాఠీ, కొట్లాటకు దక్కనీ హిందీ. ఇవీ ఆయన భాషలు. నేను మెడిసిన్‌లో చేరిన రోజు నుంచి నన్ను "డాక్టరీన్‌బాయి" అని మరాఠీలో పిలిచేవాడు. అందులో గౌరవం వీసమెత్తు లేదు, అంతా వెటకారమే. నేను ఎండీ చేసి నాందేడ్‌లోనే క్లినిక్కు పెట్టాక కూడా నా మందు ముట్టేవాడు కాదు.

"నీ చీమిడి ముక్కు తుడిచిన చెయ్యి గిది. గా ముక్కు జూసినోనికి నీ మందు ఎట్ల పని జేస్తది కోడలా?"

తొంభైల నడుమలో ఆయనకు దమ్ము మొదలైంది. రెండు మెట్లెక్కితే కుక్కలా రొప్పేవాడు. మోంఢాలో మిరపకాయ దుమ్ము ఎక్కువైంది, అదే కారణం అన్నాడు. కాళ్లు వాచి చెప్పులు పట్టకపోతే చెప్పులు చిన్నగా కుట్టాడని మోచీని తిట్టాడు. కొత్త జత కుట్టించుకున్నాడు. అవీ పట్టకపోతే మోచీనే మార్చాడు. సంగతి నాదాకా తెచ్చింది మా అత్త. అత్తది దెగ్లూర్, నెమ్మది మనిషి. మామ పది మాటలాడితే ఆమె ఒక్కటి ఆడుతుంది, ఆ ఒక్కటే పనికొచ్చేది అవుతుంది.

"మీ మామ పండుకుంటలేడు బిడ్డా. పండుకుంటె దమ్మొస్తదట. గోడకు ఒరిగి కూసొనే నిద్రవోతుండు" అంది.

ఆ ఒక్క వాక్యం చాలు డాక్టరుకు. అప్పట్లో గుండెను తెర మీద చూసే ఎకో మిషన్ కోసం మేం హైదరాబాద్ వెళ్లేవాళ్లం. బలవంతాన రైలెక్కించాను. అక్కడి పెద్ద డాక్టరు తెర చూసి, గుండె సాగి సంచిలా అయిందని, సరిగ్గా ముడుచుకోవడం లేదని నాకు చెప్పి, మామ వైపు తిరిగి గంభీరంగా "హార్ట్ ఫెయిల్యూర్" అన్నాడు.

మామ ఆయన్నొకసారి, నన్నొకసారి చూశాడు.

"ఏం కోడలా, నేను పోయిన్నా?"

"లేదు మామా."

"మరి డాక్టర్ సాబ్ గట్లనవట్టె. మీ అత్తకు జెప్పాల్నా, ఆమెకే ఎరుకైతదా?"

గుండె పూర్తిగా ఆగలేదనీ, బలం తగ్గినా పని చేస్తూనే ఉందనీ, మందులతో నడిపించవచ్చనీ వివరించాను. విని, గడ్డం గోక్కొని, తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. "గంతేనా? గట్లైతె ఏటీకేటీ అను!"

హైదరాబాద్ డాక్టరుకు అర్థం కాలేదు. మహారాష్ట్రలో కాలేజీ పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలిసిన మాట అది. కొన్ని సబ్జెక్టులు తప్పినా పై తరగతికి పోనిస్తారు, తప్పినవి తర్వాత రాసుకోవాలి. మామ కొడుకు ఆ పద్ధతిలోనే కాలేజీలో స్థిరనివాసం ఏర్పరచుకున్నాడు. ఊరికొచ్చిన మర్నాడు మామ మోంఢా అంతా తిరిగి, "నా గుండెకు ఏటీకేటీ అచ్చింది" అని అందరికీ పెళ్లి కబురులా చెప్పుకొచ్చాడు. కొందరు శుభాకాంక్షలు కూడా చెప్పారట.

అప్పటికి మా చేతిలో ఉన్నవి మూడు రకాల మందులు. ఒంట్లో నీళ్లు దించేది ఒకటి, గుండెను గట్టిగా కొట్టించేది ఒకటి, రక్తనాళాలను వదులు చేసి గుండె మీద భారం తగ్గించేది ఒకటి. మందులు వేసుకుంటానన్నాడు. ఉప్పు దగ్గరే పేచీ వచ్చింది.

"ఊరగాయ బంద్ మామా. అప్పడం బంద్. ఠేచా బంద్" అన్నాను. ఠేచా అంటే పచ్చిమిర్చి, ఉప్పు, వెల్లుల్లి కలిపి దంచే మరాఠీ కారం. అది లేకుండా మామ రొట్టె ముట్టడు.

ఆయన భుజం మీది తువ్వాల తీసి నా చేతి మీద కప్పి, దాని కింద నా వేళ్లు పట్టుకున్నాడు. మోంఢాలో పాత బేరం పద్ధతి అది. నలుగురిలో భావ్ బయటికి చెప్పరు, గుడ్డ కింద వేళ్లు నొక్కి చెప్తారు. చిన్నప్పుడు పల్లీల కోసం ఈ బేరం నాకు ఆయనే నేర్పించాడు. ఇప్పుడు నాలుగు వేళ్లు కలిపి నొక్కాడు. పూటకు నాలుగు ముక్కల ఊరగాయ అని. నేను చెయ్యి లాక్కోబోతే వదల్లేదు. మూడు నొక్కాడు. నేను పిడికిలి బిగించాను. పావుగంట కుస్తీ తర్వాత ఆదివారం పూట ఒక్క ముక్కకు సౌదా కుదిరింది. ఆయన దాన్ని ఒక్క ఆదివారం కూడా నిలబెట్టుకోలేదు, సోమవారాలూ మంగళవారాలూ కలుపుకున్నాడు. అత్త తెలివిగా ముక్కను నీళ్లలో కడిగి వేసేది. "గిది మామిడికాయ కాదే, మామిడికాయ పీనుగ" అని మామ గోల. తినేవాడు మాత్రం.

ఉప్పు తర్వాత తూకం. రోజూ పొద్దున ఏమీ తినక ముందు బరువు చూసుకోవాలి, రెండు మూడు రోజుల్లో కిలో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, కొవ్వు కాదు, ఒంట్లో చేరిన నీళ్లు, వెంటనే నాకు చెప్పాలి అన్నాను. బరువు చూసుకునే చిన్న మిషన్ కొనమంటే పగలబడి నవ్వాడు.

"మోంఢల గంత పెద్ద కాంటా వెట్టుకొని, గా పిల్లల ఆటవస్తువు మీద ఎక్కాల్నా నేను? నా ఇజ్జత్ ఏంగావాలె?"

మొదటిసారి నా వైద్యంలో ఆయనకు తెలిసిన భాష వినిపించింది. పొద్దున్నే దుకాణం తెరిచి, బస్తాలు తూచే కాంటా పళ్లెం మీద తానే ఒక బస్తాలా ఎక్కి నిలబడి, దండె మీద గుండు జరిపి, తూకం చూసి నాకు ఫోన్ చేసేవాడు. "రాస్కో డాక్టరీన్‌బాయి, డెబ్బై మీద పావు." ఒక్క రోజు తప్పలేదు. నేను మురిసిపోయాను. ఇంత బుద్ధిమంతుడైన పేషెంటు నాకు ఇంకొకడు లేడు.

మందులతో కొంత తేలికపడ్డాడు. గోడ దగ్గర కూర్చొనేవాడు కాస్తా మంచం మీదికి వచ్చాడు. కానీ తల కింద దిళ్ల గుట్ట ఉండాల్సిందే. ఒక్కటి తీసినా ఉక్కిరిబిక్కిరయ్యేవాడు. అలా కొన్నేళ్లు నడిచింది.

ఈలోగా మా శాస్త్రం పిల్లిమొగ్గ వేసింది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లని కొన్ని మందులున్నాయి. మేం చదివే రోజుల్లో నీరసించిన గుండెకు అవి ఇవ్వచ్చని పరీక్షలో రాస్తే ఎగ్జామినర్ పేపరుతో పాటు మమ్మల్నీ కిటికీలోంచి విసిరేసేవాడు. అది విషం అని నేర్పారు. రెండువేల సంవత్సరం వచ్చేసరికి అదే విషం అమృతమైంది. జాగ్రత్తగా ఇస్తే రోగులు ఎక్కువకాలం బతుకుతున్నారని, సాగిన గుండె కొందరిలో మళ్లీ దగ్గరికి వస్తోందని పరిశోధనలు వరసగా తేల్చాయి. నేను ఆ వ్యాసాలన్నీ చదివి, ఎగిరి గంతేసి, మామ దుకాణానికి పోయాను.

"మొన్నటిదాక జహర్ అంటిరి, ఇయ్యాల దవ అంటున్నరు. మీ డాక్టర్ల భావ్ మా మోంఢా కన్న జల్ది మారుతదేంది?" అన్నాడు.

"మామా, అలిసిన ఎద్దును కొరడాతో కొట్టి నడిపిస్తే ఎన్నాళ్లు నడుస్తది? నీ గుండెను నీ ఒళ్లే కొరడాతో కొడుతున్నది. ఈ గోళి ఆ కొరడా గుంజుకుంటది."

"అంటె గుండెకు రజా ఇస్తున్నవు."

"పూర్తి రజా కాదు. సగం పూట."

ఆలోచించాడు. ఎప్పుడూ నోటి నిండా జోకులుండే మనిషి ఆ పూట మెల్లగా అన్నాడు: "నాకు సావంటె భయం లేదు కోడలా. ఒక్కసారి నడుం వాల్చి, అందరి లెక్క సాపుగ పండుకోవాలని ఉన్నది. గది అయితదా?"

అవుతుందో లేదో నాకు తెలీదు. ప్రయత్నిద్దాం అన్నాను. ఆ మందుతో ఒక చిక్కుంది. ఒంట్లో నీళ్లు లేనప్పుడే మొదలుపెట్టాలి. నలుసంత ముక్కతో మొదలుపెట్టి, బరువు స్థిరంగా ఉంటేనే మెల్లమెల్లగా పెంచాలి. నీళ్లు నిండిన మనిషికి పెంచామా, అదే ముంచుతుంది. కాబట్టి అంతా ఆ పొద్దుటి తూకం మీదే ఆధారపడి ఉంది. మామ తూకం రాయిలా కదలకుండా ఉంది. మొదలుపెట్టాను. పెంచాను. వానలు పడ్డాయి, ఇంకా పెంచాను. ఫోన్‌లో రోజూ అదే మాట, "డెబ్బై మీద పావు."

ఒక పొద్దున అత్త ఆయన్ను ఆటోలో నా క్లినిక్కుకు తెచ్చింది. కాళ్లు తొడల దాకా ఉబ్బాయి, పెదాలు నల్లబడ్డాయి, మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందడం లేదు. వెంటనే నర్సింగ్ హోములో చేర్చి, ఆక్సిజన్ పెట్టి, నీళ్లు దించే ఇంజెక్షన్లు మొదలుపెట్టాను. పాతకాలపు మాస్టార్లే నిజం చెప్పారు, ఈ మందు విషమే, నేనే మామను చంపుకుంటున్నాను అనుకున్నాను. ఇక ఆ గోళి ఆయన ఒంట్లోకి పోనివ్వకూడదని తీర్మానించుకున్నాను.

కాస్త నిలబడగలిగాక నర్సు ఆయన్ను మిషన్ ఎక్కించింది. ముల్లు ఎనభై దగ్గర ఆగింది.

"మీ మిషన్ ఖరాబైంది" అన్నాను నర్సుతో. చేర్చిన ముందురోజు పొద్దున కూడా మామ ఫోన్‌లో డెబ్బై మీద పావనే చెప్పాడు.

మామ మొహం మీది ఆక్సిజన్ తొడుగు పక్కకు లాగాడు. "దాన్ని... ఏమనకు. మిషన్ మంచిగనే ఉన్నది. నువ్వు తరుగు తియ్యలే."

"ఏం తరుగు?"

"తరుగు కోడలా. నా ధోతి, బనీను, మొల్తాడు... గవన్ని సంచి లెక్క. తియ్యాల్నా వద్దా?"

"తియ్యి. దానికి కిలో కూడ కాదు కదా?"

"మరి తేమ?"

ఆయన ఊపిరి తీసుకుంటూ, చిన్నపిల్లకు ఎక్కం నేర్పినట్టు ఓపికగా చెప్పాడు. "వానకాలంల ఏ మాలైనా నెమ్మువడుతది. మనిషి మాల్ గాదా? రోజు పొద్దున పిక్క మీద వేలు వెట్టి నొక్కి జూస్తున్న. గుంత పడితె నెమ్మున్నట్టు. గుంత ఎంత లోతైతె గంత ఎక్కువ తీసిన. నెమ్ముతోటి తూకం జెప్తె నీకు మోసం జేసినట్టు గాదా? అసల్ మాల్ ఎంతున్నదో గదే జెప్పిన. ఇమాన్‌గ జెప్పిన!"

నేను అడిగిందల్లా ఆ నెమ్మే. పది కిలోల నీళ్లు పిక్కల్లో మోస్తూ, రోజూ వేలితో కొలిచి, కొలిచినదాన్ని కొలిచినట్టు కోసేసి, మిగిలిన మామను మాత్రమే నాకు ఫోన్‌లో పంపించాడు. ఎంత వాస్తే అంత ఎక్కువ కోశాడు. ప్రపంచంలో ఏ ఆస్పత్రిలోనూ, ఏ పేషెంటూ ఇంత శ్రద్ధగా ఈ తప్పు చేసి ఉండడు. జన్మంతా రైతుల ఎండుగింజల్లో లేని తేమ వెతికిన మనిషి, ఉన్న తేమ దగ్గరికి వచ్చేసరికి నాకు అన్యాయం జరగకూడదని తీసేశాడు.

"నేను అడిగింది ఆ నీళ్లే మామా! ఆ నీళ్లే!" అని అరిచాను. ఏడుస్తూ అరిచాను.

ఆయనకు అర్థమైంది. "అరే బాబా" అన్నాడు. తర్వాత, "గిది ముందుగాల జెప్పాలె గదా డాక్టరీన్‌బాయి. మోంఢల ఇన్నేండ్ల సంది ఉన్న, తేమకు భావ్ ఇచ్చెటిదాన్ని నిన్నొక్కదాన్నే జూసిన" అని తొడుగు మళ్లీ మొహానికి పెట్టుకున్నాడు.

మంచం పక్కన నిలబడి ఇదంతా వింటున్న అత్త అప్పుడు ఆ రోజుకు తన ఒక్క మాటా అంది.

"రేపటి సంది కాంటా ఇంటికి దెస్తం. తూకం నేను జూస్త. ఫోన్ నేను జేస్త."

మామ తొడుగు లోపలి నుంచి ఏదో అనబోయాడు. అత్త చూసింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. మోంఢాలో సగం ధాన్యం తూచిన మనిషికి సొంత తూకం చూసుకునే హక్కు ఆ పూటతో పోయింది.

మందు తప్పు లేదని తేలింది కాబట్టి దాన్ని వదల్లేదు. నీళ్లన్నీ దించి, ఒళ్లు ఆరాక, మళ్లీ నలుసంత ముక్క నుంచి మొదలుపెట్టాను. దుకాణంలోని పాత కాంటాను హమాలీలు బండి మీద తెచ్చి ఇంటి వరండాలో పెట్టారు. రోజూ పొద్దున మామ ఎక్కేవాడు, అత్త పీట వేసుకొని దండె ముందు కూర్చొని గుండు జరిపి పైకి చదివేది, తర్వాత నాకు ఫోన్ చేసేది. విదేశాల్లో గుండెజబ్బు వాళ్లను ఇలా రోజూ కనిపెట్టుకొని ఉండడానికి ప్రత్యేకం నర్సులుంటారని సదస్సుల్లో చెప్తారు. మాకు అత్త ఉండేది. దిళ్లు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి.

కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం అత్త ఫోన్ చేసి, "ఒకసారి రా" అని పెట్టేసింది. భయపడి పరిగెత్తాను. వరండాలోకి రాగానే గురక వినిపించింది. మామ మంచం మీద వెల్లకిలా, ఒక్క పలచటి దిండు మీద తల పెట్టుకొని, నోరు తెరుచుకొని, చేతులు చెరోపక్కా పారేసి నిద్రపోతున్నాడు. ఇంటి పెంకులు లేచిపోయే గురక. అత్త, నేను గుమ్మంలో కూర్చొని ఆ గురక విన్నాం. చాలాసేపు విన్నాం. డాక్టరునైనందుకు అంత సంతోషపడిన రోజు నాకు మళ్లీ రాలేదు.

హైదరాబాద్‌లో ఎకో తీసిన డాక్టరు గుండె కొంత దగ్గరికొచ్చిందని చెప్తే, మామ చెయ్యి జాపి అతనితో కరచాలనం చేసి "ఏటీకేటీ క్లియర్" అన్నాడు. అత్త ఆయన నిలువెత్తు బెల్లం తూచి పంచుతానని ఎప్పుడో మొక్కుకుందట. మొక్కు తీర్చే పొద్దున మామ నా చెవిలో, "నీళ్ల గోళి ఒకటి ఎక్కువియ్యి కోడలా, జెర తేలికైత. దేవునికి ఎరుక గాదు" అన్నాడు. నేనివ్వలేదు. ఇక మోంఢాలో ఆయన తరుగు తగ్గిందా అంటే, చిటికెడు తగ్గలేదు. ఇంత జరిగాక కూడానా అని నిలదీశాను. "నీ నెమ్ము వేరు, నా నెమ్ము వేరు" అన్నాడు నిస్సిగ్గుగా.

ఆ తర్వాత మామకు మంచి ఏళ్లే దొరికాయి. మళ్లీ గుండె నీరసించేసరికి వయసు మీదపడింది, మూత్రపిండాలు కూడా మొరాయించాయి. అప్పటికి గుండెకు రెండు వైపులా తీగలు వేసి ఒక్క తాళంలో కొట్టించే మిషన్లు వచ్చాయి. హైదరాబాద్ వాళ్లు చూసి, ఈ ఒళ్లు తట్టుకోదన్నారు. ఈసారి నీళ్లు కాదు బాధ. కండ కరుగుతోంది. ఈ జబ్బు ఆఖర్న మనిషిని లోపల్నుంచి తినేస్తుంది, దానికి నా దగ్గర గోళి లేదు. అత్త ఫోన్‌లో చెప్పే అంకె వారం వారం దిగుతోంది. ఆమె మామూలు గొంతుతో చెప్పేది, నేను మామూలు గొంతుతో వినేదాన్ని.

ఒక పొద్దున చూద్దామని వెళ్లేసరికి తూకం జరుగుతోంది. మామ గోడ పట్టుకొని కాంటా ఎక్కుతున్నాడు. ఒంటి మీద ఎప్పటి బండీయే, జేబుల బనీను, ఇప్పుడు ఇద్దరు దూరేంత వదులుగా వేలాడుతోంది. కుడి జేబు ఒక పక్కకు లాగేసినట్టు కిందికి సాగి ఉంది. నేను తేరిపార చూశాను. లోపల చిల్లర తూకానికి వాడే ఇనుప రాయి అంచు కనిపించింది. మామ నా చూపు పసిగట్టి, అత్త చూడకుండా కన్ను గీటాడు.

అత్త పీట మీద కూర్చొని గుండు జరిపి పైకి చదివింది. "యాభై ఎనిమిది. మొన్నటంతనే ఉన్నది."

"జూసినవా? తగ్గలే" అన్నాడు మామ గర్వంగా. దిగే ఓపిక లేక కాంటా పళ్లెం మీదే కూలబడ్డాడు. అత్త చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

"మీ అత్తకు చెప్పకు కోడలా" అన్నాడు గొంతు తగ్గించి. "తగ్గిందంటె ఏడుస్తది. ఏడ్సుకుంట పెట్టిన చాయ్ మంచిగుండదు."

నేను తలూపి వంటింట్లోకి పోయాను. నిన్న పొద్దున అత్త నాకు ఫోన్‌లో చెప్పింది యాభై ఆరు. మొన్నా అంతే. అత్త నాకు వీపు పెట్టి చాయ్ వడపోస్తోంది.

"అత్తా, నిన్న యాభై ఆరన్నవు గదా?"

ఆమె వెనక్కి తిరగలేదు. "జేబుల రాయి రెండు కిలోలది. నీకు తీసేసి చెప్తున్న."

నేను గ్లాసు ఆమె ముందుకు జరిపాను.

"ముందుగాల కిలోది వెట్టుకునేటోడు" అంది. "ఆయనకు చెప్పకు బిడ్డా. నేను ఏడుస్తలేనని సంబురపడుతుండు." చాయ్ గ్లాసు నా చేతికిచ్చింది. "పో, జెర పట్టుకొని దింపు. రాయితోటి తూలుతడు."

గ్లాసు కిటికీలో పెట్టి, పోయి మామను రెండు చేతులా పట్టుకొని లేపాను. ఆయన బరువంతా నా మీద వేశాడు. వేసేందుకు పెద్దగా ఏమీ లేదు.

"బరువున్ననా కోడలా?"

"ఉన్నవు మామా" అన్నాను.